ప్రతివాది పేరున ఉన్న ఆస్తి

పెనుబల్లి,
20 జనవరి 2025

చిరంజీవి ఉదయ్ భాస్కర్‌కు వదిన రాఘవమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి ఉన్నది నేనొక్కదాన్నే. క్షేమంగానే ఉన్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. కోర్టులో మన లాయరు రాందాస్ గారు నన్నేమడిగారో నువ్వూ విన్నావు. "జంపక్కను కిరాయి అడిగానంటున్నారు, ఏ రోజు అడిగారో చూపించడానికి కాగితం ఉందా అమ్మా?" అన్నారు. లేదు. అడిగినవన్నీ ఫోన్లోనే అడిగాను, ఆ మాటలు గాలికి పోయాయి. అందుకని ఇక నుంచి ఈ కేసు సంగతి నీకూ నాకూ మధ్య ఏదున్నా కాగితం మీదే. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు. ఫోన్ చేస్తే ఎత్తను.

తీర్పు వచ్చి నలభై రెండు రోజులైంది. మన భద్రాచలం మేడ కింది గదిలో ఇరవై ఎనిమిదేళ్ళు కొట్టు నడిపి, 2022 వరద తగ్గాక చెప్పాపెట్టకుండా తాళం వేసి పోయిన జంపక్క మూడేళ్ళ కిరాయి, లక్షా ఎనభై వేలు, మనకు కట్టాలని జడ్జి గారు అన్నారు. అంతకు ముందుది పాతబాకీ, కోర్టు వినదట. పోనీ, ఆ మూడేళ్ళదైనా రావాలి కదా. తీర్పు నకలు నాలుగు రోజుల్లో తెస్తానని వెళ్ళావు. నకలూ లేదు, నువ్వూ లేవు. వసూలుకు పిటిషన్ వేయకపోతే ఈ డిక్రీని నేనేం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?

నా సంగతి నీకు తెలియనిది కాదు. పిల్లలు లేనిదాన్ని. నా పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాలు అమ్మి మీ అన్నయ్య ఆ మేడ కట్టాడు. ఇక్కడ మిగిలిన ఎకరంన్నర కౌలు గింజలు తిండికి సరిపోతాయి. మందులకూ మిగతా వాటికీ మేడ పై వాటాల మీద నువ్వు వసూలు చేసి పంపే పదమూడు వేలే నా బతుకు. ఆ మేడ మీద నాకు రావలసిన రూపాయిని నేను వదులుకోను.

నకలు ఎప్పుడు తెస్తావో తేదీ రాయి.

రాఘవమ్మ


కొత్తగూడెం,
3 ఫిబ్రవరి 2025

పూజ్యులైన వదిన గారికి ఉదయ్ భాస్కర్ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. బొగ్గుగని ఆఫీసులో ముప్పై రెండేళ్ళు కాగితాలు రాసీ రాసీ రిటైరయ్యాను, ఇంట్లో కూడా మళ్ళీ కలం పట్టించారు. మంచిదే. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడి దవాఖానాలో ఎముకల డాక్టరు కొత్తగా వచ్చారు, ఒకసారి చూపిద్దాం.

కేసు గెలిచాం వదినా, అది చాలు. కోర్టు ముద్ర పడిన కాగితంలో జంపక్క మన కిరాయిదారు అని రాసి ఉంది. అంతకన్నా మనకు కావలసిందేముంది? వసూలంటారా, ఆమె దగ్గర ఏముందని? చర్ల దాటి అడవిలో ఒక గుంపులో ఉంటోంది. గుంపు అంటే మీకు తెలుసుగా, పాతిక ఇళ్ళ కోయపల్లె. సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి బతికే మనిషి. ఆమె మీద లక్షా ఎనభై వేలు వసూలు చేయడానికి ఇంకో యాభై వేలు తగలేయాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు చెప్పండి.

నకలు కోసం రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి గుమాస్తా సెలవు. రెండోసారి మిషను పాడైంది. జల్దీ తెస్తాను. మీరు మనసు పాడుచేసుకోకండి.

ఉదయ్ భాస్కర్


పెనుబల్లి,
14 ఫిబ్రవరి 2025

ఉదయ్ భాస్కర్‌కు ఆశీస్సులు.

నకలు ఏదని అడిగితే మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నావు. బాగానే ఉన్నాయి. ఎంత బాగున్నాయంటే, నిన్న పొద్దున బస్సెక్కి రాందాస్ గారి దగ్గరికి నేనే వెళ్ళి వచ్చాను. గుమాస్తా సెలవులో లేడు, మిషను పాడవలేదు. నకలు అరగంటలో ఇచ్చారు. అమలు పిటిషన్ మీద సంతకం పెట్టి వచ్చాను. వచ్చేటప్పుడు కొత్తగూడెంలో బస్సు మారాను. నీ ఇల్లు అక్కడికి పది నిమిషాలు. రాలేదు.

జంపక్క మన కిరాయిదారు అని కాగితంలో ఉంటే చాలన్నావు. అది నాకెందుకు చాలు? ఆమె కిరాయిదారు కాదని ఎవరన్నారు?

ఇంకో మాట. పై వాటాలో ఉండే టీచరు అనిల్‌కుమార్ నెలనెలా ఫోన్ చేసి నా మంచిచెడ్డలు అడుగుతాడు. మాటల్లో మాటగా చెప్పాడు, కేసు వేసిన కొత్తలో జంపక్క మేడ దగ్గరికి వచ్చిందట. మెట్ల కింద నీతో చాలాసేపు మాట్లాడిందట. ఆమె చేతిలో కోర్టు కవరు ఉందట. కేసు వేశాక ఆమెను కంటితో చూడలేదని నువ్వు నాతో రెండుసార్లు అన్నావు. ఏది నిజం? ఆమె కోర్టుకు ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో నీకేమైనా తెలుసా? ఆమె దగ్గర నువ్వేమైనా తీసుకుంటున్నావా? నిప్పు లేనిదే పొగ రాదు కాబట్టి అడుగుతున్నాను.

రాందాస్ గారు చెప్పిన ప్రకారం, ఇప్పుడు కోర్టు జంపక్కకు నోటీసు పంపుతుంది. ఆమె పేరున ఏమేం ఆస్తులున్నాయో ప్రమాణం చేసి పట్టిక రాసివ్వాలి. ఇవ్వకపోతే వారంటు. పట్టిక వస్తే దేని మీద వసూలు చేయవచ్చో అప్పుడు చూస్తారట.

నవమి దగ్గర పడుతోంది. మీ అన్నయ్య ఏటా తీసుకెళ్ళినట్టే స్వామివారి అన్నదానానికి రెండు బస్తాల బియ్యం సిద్ధం చేయించాను. ఆయన పోయినప్పటి నుంచీ పంపుతున్నట్టే నీ ఇంటికి ట్రాలీలో పంపుతాను. నువ్వు భద్రాచలం చేర్చు.

రాఘవమ్మ


కొత్తగూడెం,
2 మార్చి 2025

వదిన గారికి నమస్కారాలు.

పిటిషన్ వేసేముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది. ఇన్నేళ్ళూ మేడ వ్యవహారాలు చూసింది నేను. కరెంటు మీటరు దగ్గర నుంచి వరద బురద ఎత్తించడం దాకా నేనే తిరిగాను. ఇప్పుడు పై వాటాలో కిరాయికి ఉండే మనిషి మాట మీకు వేదమైంది, నేను దొంగనయ్యాను.

జంపక్క వచ్చిన మాట నిజమే, మర్చిపోయాను. కవరులో ఏం రాసి ఉందో చదివి చెప్పమంది, చెప్పాను. ఆమె దగ్గర తీసుకోవడానికి ఏముంది వదినా, ఇప్పపువ్వా?

నా మాట వినండి. ఆ ఆస్తుల పట్టిక దాకా పోనివ్వకండి. రేపే వెళ్ళి పిటిషన్ వెనక్కి తీసుకోండి. ఎందుకని అడగకండి. అన్నయ్య ఉంటే ఈ పని చేసేవాడు కాదు. పోయినవాళ్ళ పరువు కూడా మనం చూడాలి.

బియ్యం అందాయి. స్వామివారికి చేర్చేశాను.

ఉదయ్ భాస్కర్


పెనుబల్లి,
20 మార్చి 2025

ఉదయ్ భాస్కర్ గారికి,

మీ అన్నయ్య పరువు అన్నావు. ఆ మాట చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

పెట్టె మళ్ళీ తీశాను. ఇరవై ఎనిమిది కిరాయి కాగితాలు, ఏడాదికొకటి. ప్రతి దాని మీదా జంపక్క వేలిముద్ర, పక్కన బసవపున్నయ్య అని మీ అన్నయ్య సంతకం, కింద నీ సాక్షి సంతకం. రసీదు ఒక్కటి లేదు. బ్యాంకు పుస్తకంలో ఆ గది కిరాయి ఒక్క నెలది జమ కాలేదు. నేను కేసు వేసేటప్పుడు ఇది చూసి, అయ్యో, మనిషి మెతక, అడగలేక ఊరుకున్నాడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఒక ఆడమనిషి దగ్గర పైసా తీసుకోకుండా ఇంట్లో ఉంచాడు. ఏటా నవమికి ఒక్కడే వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చేవాడు. నేనూ వస్తానంటే ఎండలు అనేవాడు. వచ్చేటప్పుడు తేనె సీసా, చింతపండు ముద్ద తెచ్చేవాడు. ఎవరిచ్చారంటే తెలిసినవాళ్ళు అనేవాడు. ఆ చింతపండుతో నేను పులుసు కాచి ఆయనకే పెట్టాను.

అడగకూడనిది అడుగుతున్నాను. మీ అన్నయ్యకూ జంపక్కకూ ఏమిటి?

ఇది రాయడానికి సిగ్గేసింది. అయినా రాశాను, నాకు తెలియాలి.

రాఘవమ్మ


కొత్తగూడెం,
27 మార్చి 2025

వదినా,

ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. అన్నయ్య నిప్పులాంటి మనిషి. నా కూతురు నాగలత మీద ఒట్టు, మీరు అనుకునేది ఏదీ లేదు. జంపక్క ఆయన్ను తండ్రిలా చూసింది.

సంగతి వేరే. అది కాగితం మీద పెట్టేది కాదు. ఈ ఉత్తరాల పద్ధతి మనకు మంచిది కూడా కాదు, రేపు ఎవరి చేతిలో పడతాయో. శనివారం నేనే వచ్చి ఎదురుగా కూర్చుని చెబుతాను. అంతవరకూ లాయరుతో ఏమీ మాట్లాడకండి.

ఉదయ్ భాస్కర్


పెనుబల్లి,
24 ఏప్రిల్ 2025

ఉదయ్ భాస్కర్ గారికి,

నువ్వు వచ్చిన శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. కావాలనే తలుపు తీయలేదు. కాగితం మీద పెట్టలేని మాట నా చెవిలో మాత్రం ఎందుకు పెట్టాలి?

ఇప్పుడు నీ అవసరం లేకుండానే తెలిసింది. నిన్న వాయిదాకు జంపక్క వచ్చింది. వరద తర్వాత నేను ఆమెను చూడటం అదే. జుట్టు నెరిసింది. పక్కన అక్క కూతురు సుజాత ఉంది, డిగ్రీ చదివిన పిల్ల. పట్టిక ఆ పిల్లే రాసిందట. రాందాస్ గారు నాకు చదివి వినిపించారు. మేకలు నాలుగు. కుట్టు మిషను ఒకటి, పాతది. పోస్టాఫీసు పుస్తకంలో మూడు వేల నాలుగు వందలు. ఆ తర్వాత, "నా తండ్రి లచ్చయ్య నుంచి నాకు సంక్రమించిన పట్టా స్థలం, భద్రాచలంలో మూడు గుంటలు, అందులో రెండంతస్తుల మేడ."

నేను నవ్వాను. మేడ ఉన్నదానికి మన కిరాయి ఎగ్గొట్టాల్సిన ఖర్మేమిటి అన్నాను. రాందాస్ గారు నవ్వలేదు. హద్దులు చదివారు. తూర్పున సిమెంటు రోడ్డు, పడమర రైసుమిల్లు ప్రహరీ, ఉత్తరాన ఆశ్రమ పాఠశాల సందు. అది నా మేడ. ఆ సందు వైపు కిటికీలు నేను దగ్గరుండి పెట్టించాను.

ఆయన కళ్ళజోడు తీసి, "రాఘవమ్మ గారూ, మీ ఆయన ఈ స్థలం కొన్న రిజిస్ట్రీ కాగితం ఏదండీ?" అన్నారు. పెట్టెలో ఇరవై ఎనిమిది కిరాయి కాగితాలు ఉన్నాయి గానీ కొన్న కాగితం లేదు. నేను ఎన్నడూ వెతకలేదు.

నేను వసూలు చేయించుకోవాల్సింది నా ఇంటి మీదేనా? ఇప్పుడు రాయి. కాగితం మీద రాయి.

రాఘవమ్మ


కొత్తగూడెం,
4 మే 2025

పూజ్యులైన వదిన గారికి,

రాస్తున్నాను. చదివాక చింపేయండి.

1994లో అన్నయ్య ఆ స్థలం లచ్చయ్య దగ్గర కొన్నాడు. ఒక జత ఎడ్లు, ఎనిమిది వేల రూపాయలు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, ఆ కాగితం ఆ ఏడాదే చెదలు తినేసింది. తినకపోయినా చెల్లేది కాదు. ఏజెన్సీలో గిరిజనుల నేల మనలాంటివాళ్ళు కొంటే చెల్లదని చట్టం. 1/70 అంటారు. తెలిసే కొన్నాడు. అప్పట్లో చాలామంది అలాగే కొన్నారు, మేడలు కట్టారు. ఇప్పటికీ పట్టా లచ్చయ్య వాళ్ళ పేరునే ఉంది.

మేడ మనదని చూపించుకోవడానికి ఏదో ఒక కాగితం కావాలి కదా. అందుకని ఏటా ఒక కిరాయి కాగితం. నేల వాళ్ళది, అయినా జంపక్కే మనకు కిరాయిదారు అన్నట్టు వేలిముద్ర వేసేది. కిరాయి కట్టేది లేదని, ఆ గదిలో ఊరికే ఉండవచ్చని నోటిమాట. కాగితంలో ఉన్నదేదీ జరగలేదు, జరిగిందేదీ కాగితంలో లేదు. మీకు చెప్పొద్దని అన్నయ్య నా చేత మాట తీసుకున్నాడు. మీ పుట్టింటి చేను అమ్మిన డబ్బు కదా, భయపడ్డాడు. మీరు కేసు వేస్తానన్నప్పుడు నేను గట్టిగా అడ్డుపడలేకపోయాను. అదీ కాక, కోర్టే ఆమెను కిరాయిదారు అంటే మనకు ఇంకో బలం అనుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

ఇప్పటికీ మించిపోలేదు. డబ్బు మొత్తం ముట్టింది, కేసు మూసేయండి అని మీరు ఒక మెమో వేస్తే ఫైలు మూసుకుపోతుంది. ఆ పట్టిక ఎవరూ చదవరు. తర్వాత జంపక్కతో కొత్త కిరాయి కాగితం రాయించుకుందాం. రాసి పంపుతున్నాను, ఇందులోనే ఉంది. నేను వెళ్తే వేయదు, మీరంటే గౌరవం. ఒక చీర పట్టుకెళ్ళండి. వేలిముద్ర పడితే మేడ నిలుస్తుంది. లేకపోతే ఆమె రేపు గిరిజన సంక్షేమ ఆఫీసు మెట్లెక్కితే మీకు బతుకుదెరువు ఉండదు.

ఉదయ్ భాస్కర్


పెనుబల్లి,
25 మే 2025

ఉదయ్ భాస్కర్‌కు,

వెళ్ళాను. చీర తీసుకునే వెళ్ళాను. నీ కాగితం కూడా సంచిలో పెట్టుకున్నాను. అబద్ధం ఎందుకు, వేలిముద్ర వేయించుకు రావాలనే వెళ్ళాను. మేడ పోతే నేనేం తిని బతకాలి అన్నది తప్ప దారి పొడుగునా నాకు ఇంకో ఆలోచన లేదు.

చర్లలో బస్సు దిగి ఆటోలో వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. జంపక్క పందిరి కింద తునికాకు కట్టలు కడుతోంది. "రా అమ్మా, కూసో. ఎండల వచ్చినవ్" అని మంచం వాల్చి, నీళ్ళిచ్చి, తను మళ్ళీ కింద కూర్చుని ఆకు లెక్కపెట్టుకుంది.

"కాగితం తెచ్చినవా?" అంది.

"నీకెలా తెలుసు?"

"చిన్నసారు మా సుజాత ఫోనుకు చేసిండు. ఏలిముద్ర ఏయాలె, అమ్మ వస్తది అన్నడు."

కోర్టుకు ముందే ఎందుకు రాలేదని అడిగాను. "కవరు వస్తే చిన్నసారుకే చూపిచ్చిన. నువ్వు పోకు, పోతే లోపలేస్తరు, నేను చూసుకుంట అన్నడు. నాకేం తెలుసు. పోలే" అంది. చదివి చెప్పాను అని నాకు రాశావు. ఇదా నువ్వు చదివి చెప్పింది?

"మరిప్పుడు మేడ సంగతి ఎందుకు రాశావు జంపక్కా? నా మీద కోపంతోనా?"

"కోపమేంది. రాయకుంటే వారంటంట, అబద్ధం రాస్తే జైలంట. ఉన్నది ఉన్నట్టు రాయమన్న. నా పేరు మీద ఉన్నది గదే గదమ్మా." కాసేపు ఆకు సర్ది, తల ఎత్తకుండానే అంది. "బియ్యం ఆగకుంటే ఆ మేడ రాయకుండ సుజాతతోని ఎట్లనో మాట్లాడుకుందును. పెద్దాయన పోయినంక మీరు మాట తప్పిన్రు అనుకున్న. మాట తప్పినోళ్ళ ఇంట్ల ఎందుకుండాలె అని వరద పోయినంక తాళమేసి వచ్చిన."

"ఏ బియ్యం?" అన్నాను.

"మా అయ్యతోని పెద్దాయన మాట్లాడుకున్నయి. మేడ ఉన్నన్నాళ్ళు ఏటా నవమికి రెండు బస్తాలు. నేలకు కిరాయి గదే గదా. ఒక్క ఏడు తప్పలే ఆయన. బియ్యం దించి, మూడు రోజులు మా దగ్గరే అన్నం తిని పోయేటోడు. నాలుగేండ్లయింది రాక."

నాలుగేళ్ళు, ఏడాదికి రెండు. ఎనిమిది బస్తాలు నేను రాళ్ళేరించి, కొత్త గోనెల్లో కుట్టించి నీ ఇంటికి పంపాను. దేవుడికి పంపుతున్నానని అనుకున్నాను, ఆయన నాతో అలాగే చెప్పాడు. ఆయన నాకు అబద్ధం చెప్పి వాళ్ళకిచ్చిన మాట నిలబెట్టాడు. నువ్వు? స్వామివారికి చేర్చేశాను అని మార్చి రెండో తేదీన నీ చేత్తో రాసిన కాగితం నా దగ్గర ఉంది. కంచే చేను మేసింది.

నీ కాగితం తీశాను. "ఏం రాసినవో చదువు, ఇంటా. తర్వాత ఏస్త" అంది. చదివాను. జంపక్క అను నేను రాఘవమ్మ గారి మేడలో నెలకు ఐదు వేల కిరాయికి ఉండుటకు ఒప్పుకొని, అన్న చోట చదవడం ఆపేశాను. ఆమె బొటనవేలు పైట కొంగుకు తుడుచుకుని చెయ్యి చాపే ఉంచింది. "గిదంతా అబద్ధమే గదమ్మా" అంది, మామూలుగా, వాన పడేటట్టుంది అన్నట్టు.

అవును అన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. చీర ఇవ్వడానికి కూడా సిగ్గేసి అలాగే తెచ్చుకున్నాను.

నిన్ను ఇన్ని నెలలు అనుమానించినందుకు బాధపడాలో, సరిగ్గా అనుమానించలేకపోయినందుకు బాధపడాలో తెలియడం లేదు. మీ అన్నయ్య మీద అనుమానపడ్డందుకు మాత్రం రాత్రీ పగలూ ఏడుస్తున్నాను.

రాఘవమ్మ


కొత్తగూడెం,
8 జూన్ 2025

వదినా,

బియ్యం సంగతి దాచను. అన్నయ్య పోయిన ఏడు నవమికి నేను జ్వరంతో ఉన్నాను, చేర్చడం ఆలస్యమైంది. బస్తాలు ఇంట్లోనే ఉన్నాయి. ఒకటి విప్పాం. ఆమె అడగలేదు. మరుసటేడు కూడా అడగలేదు. అలా అలవాటైపోయింది. తప్పే. ఎనిమిది బస్తాలు నేను కొని చేరుస్తాను.

కానీ మీరు చేస్తున్నది ఇంకా పెద్ద తప్పు. రాందాస్ గారికి ఫోన్ చేశాను. డబ్బు ముట్టిందని కాకుండా అసలు కిరాయే బాకీ లేదు, నేల ఆమెది అని మెమో రాయమన్నారట. పైగా పెనుబల్లి వదిలి ఆ కింది గదికే మారతారట. మీకు మతి ఉందా? అది కోర్టు ఫైల్లో శాశ్వతంగా ఉండే మాట. దాన్ని పట్టుకుని ఆమె రేపు మిమ్మల్ని బయటికి నెట్టవచ్చు. ఆమె కాకపోతే ఆ చదువుకున్న పిల్ల నెడుతుంది. ఆమె మిమ్మల్ని ఉండనిస్తుందని మీకున్న హామీ ఏమిటి? ఒక్క కాగితం ముక్క అయినా రాయించుకున్నారా?

నేను నా కోసం చెప్పడం లేదు. అరవై నాలుగేళ్ళ వయసులో మీరు వీధిన పడితే చూడలేను.

ఉదయ్ భాస్కర్


భద్రాచలం,
జంపక్క ఇంటి కింది గది,
20 జూలై 2025

చిరంజీవి ఉదయ్ భాస్కర్‌కు ఆశీస్సులు.

నీ బియ్యం ముట్టాయని జంపక్క చెప్పింది. ఎనిమిది బస్తాలూ నువ్వే మోసి దించావట. మంచిది. ఆ సంగతి ఇక ఎత్తను.

మెమో వేశాను. గెలిచిన కేసు ఓడిపోవడానికి ఫీజు కట్టిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నారు రాందాస్ గారు. జడ్జి గారు నా వైపు చూసి, ఎవరైనా బెదిరించారా అని అడిగారు. లేదండి, నేల ఆమెది, కిరాయి మేమే బాకీ అన్నాను. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

పెనుబల్లి ఇల్లు కిరాయికిచ్చి ఇక్కడికి వచ్చేశాను. పై వాటాల మీద వచ్చే పదమూడు వేలల్లో సగం జంపక్కకు, సగం నాకు. ఇది కాగితం మీద పెడదామంటే పెట్టినా చెల్లదని రాందాస్ గారు అన్నారు. అందుకని మాటే. ఒప్పుకున్న రోజు జంపక్క, "ఉండమ్మా. నేను పొమ్మన్ననాడు పోవాలె" అంది. సరే అన్నాను. హామీ ఏమిటని అడిగావు. ఏమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమెకు ఉన్నది కూడా ఇంతే కదా.

ధైర్యంగా ఉన్నానని రాస్తే అబద్ధమవుతుంది. గేటు చప్పుడైతే ఎవరో ఆఫీసువాళ్ళు వచ్చారని గుండె జారుతుంది. సుజాత ఇక్కడికి వచ్చినప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ మేడ వైపు చూస్తే, ఏం మాట్లాడుతోందా అని చెవులు అటే పోతాయి. నేను ఆ పిల్లను అనుమానిస్తున్నాను. నిన్ను అనుమానించినట్టే. ఈ బుద్ధి పోయేటట్టు లేదు.

నిన్న సంత రోజు. జంపక్క సరుకులకు వచ్చి, గడప దగ్గర నిలబడి లోపలికి చూసింది. నేను అన్నం తింటున్నాను. నాకు తెలియకుండానే ఎంగిలి చేత్తో లేచి నిలబడ్డాను. ఈ గదిలో నేను వచ్చినప్పుడల్లా ఆమె ఇలాగే లేచేది, నేను ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె బల్ల మీద కూర్చుంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఆరువేల ఐదొందలు ఇచ్చాను. కొంగున ముడి వేసుకుని గది నాలుగు వైపులా చూసింది. వరద నీటికి మరకలైన గోడకు సున్నం వేయించాను, దాన్ని చేత్తో తడిమి చూసింది.

"ఇంకెన్ని రోజులుంటవమ్మా ఈడ?" అంది.

ఉండమనడానికి అడిగిందో, పొమ్మనడానికి అడిగిందో ముఖం చూస్తే తెలియలేదు. "నువ్వు ఎన్నాళ్ళు ఉండనిస్తే అన్నాళ్ళు" అన్నాను. ఆమె సంచి తీసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

రాఘవమ్మ